హార్మనీ: మాస్టారు

మా నాన్నకు కోపం రాదు. ఆయనకు రావలసిన కోపం కూడా కలిపి నాకే వచ్చిందని అమ్మ అనేది. ఆ మాట నిజమే. ముప్పై ఏళ్ళు దాటిన సంగతి రాయడానికి కూర్చుంటే ఇప్పుడు కూడా పళ్ళు బిగుసుకుంటున్నాయి. చల్లారాక రాద్దామని చాలాసార్లు వాయిదా వేశాను. చల్లారేలా లేదు కాబట్టి ఇలాగే రాస్తున్నాను.

నాన్న నాటకాలకు హార్మనీ. పౌరాణిక పద్యనాటకాలు చూసినవాళ్ళకు ఆ ఒక్క మాట చాలు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. స్టేజీకి ఒక పక్కన, కాళ్ళతో తొక్కే హార్మోనియం ముందు కూర్చునే మనిషిని మావైపు హార్మనీ అంటారు. ఏదో వాయించడానికి కూర్చున్నాడని జనం అనుకుంటారు. నాటకమంతా ఆయన చేతుల్లో ఉంటుంది. ఏ పద్యం ఏ రాగంలో పాడాలో వరుస కట్టేది ఆయన. ఎవరి గొంతుకు ఎంత శ్రుతి పెట్టాలో చూసేది ఆయన. నటుడు పద్యం మరిచిపోతే మొదటి ముక్క హార్మోనియం మెట్ల మీద పలికించి గుర్తు చేస్తాడు. లోపల కిరీటం కనపడకపోతే కనపడేదాకా రాగం సాగదీస్తాడు. జనం వన్స్‌మోర్ అని అరిస్తే ఎక్కడినుంచి మళ్ళీ ఎత్తుకోవాలో కళ్ళతో చెబుతాడు. తబలా కూడా ఆయన తల ఊపు చూసి నడుస్తుంది. దండ మాత్రం నటుడి మెడలో పడుతుంది.

నాన్న ఈ విద్య నేర్చుకున్నది చర్చిలో. గుంటూరు జిల్లాలో మా ఊరి మిషన్ చర్చిలో దొరలు వదిలేసి వెళ్ళిన తొక్కుడు ఆర్గన్ ఒకటి ఉండేది. పన్నెండేళ్ళకే దాని మీద ఆదివారం కీర్తనలు వాయించేవాడట. పంతొమ్మిదో ఏట ఒక నాటక సమాజంలో చేరాడు. దేవుళ్ళ నాటకాలకు వాయిస్తున్నాడని చర్చి పెద్దలు ఆయన్ని ఆర్గన్ ముట్టుకోనివ్వడం మానేశారు. నాటకాలవాళ్ళు స్టేజీ మీద పీట వేశారు గానీ, భోజనాల దగ్గర విస్తరి దూరంగా వేశారు. అలా నలభై ఏళ్ళు నడిచింది. ఆయన కట్టిన వరుసలు పాడి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ వరుసలను జనం ఆ నటుల బాణీలనే అంటారు. ఎవరైనా మా ఇంటికొచ్చి ఆయన ముందే కూర్చుని "ఆ బాణీ ఆయనకే చెల్లిందండీ" అని ఇంకొకరిని మెచ్చుకుంటే, నాన్న తమలపాకు ఈనెలు తీసుకుంటూ వినేవాడు. వంటింట్లో నేను గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని.

నాటకాల లోకంలో కరపత్రం చిన్న విషయం కాదు. ఎవరి పేరు పైన, ఎవరిది పెద్ద అక్షరాల్లో, ఎవరికి ఏ బిరుదు అని వారం ముందునుంచే కొట్లాటలు. అన్నిటికంటే అడుగున, లైట్లు వేసేవాళ్ళకు కొంచెం పైన, "హార్మనీ: మాస్టారు" అని ఉండేది. అంతే. నాన్న పేరులో ముందు సగం బైబిల్లోది, వెనక సగం మావైపు అందరికీ ఉండేదే. నాటకాలు ఆడించే మొదటి కాంట్రాక్టరు, "పౌరాణికం కరపత్రం మీద ఆ పేరు నప్పదు మాస్టారూ. అయినా విద్వాంసుణ్ణి పేరు పెట్టి రాస్తే ఏం మర్యాద?" అన్నాడట. తర్వాత వచ్చినవాళ్ళు అసలు అడగనే లేదు. మా ఇంట్లో ట్రంకుపెట్టె నిండా కరపత్రాలుండేవి. ఒక్కదాని మీద కూడా మా నాన్న లేడు.

అమ్మ పోయాక నాన్నను మాతో సిడ్నీకి తెచ్చుకున్నాం. ఎనభైల చివరి రోజులవి. వెస్ట్‌మీడ్‌లో రెండు గదుల అద్దె ఫ్లాటు. మా ఆయన హాస్పిటల్ ల్యాబులో పనిచేసేవారు. నేను ఒక యూనివర్సిటీ సంగీత లైబ్రరీలో పుస్తకాలకు కార్డులు టైపు చేసేదాన్ని. ఒకరోజు నా బల్ల మీదికి రెండు వందల ఏళ్ళనాటి స్వరాల పుస్తకం ఒకటి వచ్చింది. యూరప్‌లో ఒక చిన్న సంస్థానం థియేటర్లో పనిచేసినాయనది. కార్డు మీద ఆయన పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం వెయ్యాలి గనక లావుపాటి సంగీత నిఘంటువు తీశాను. ఆయన గురించి అరపేజీ ఉంది. ముప్పై ఏళ్ళు కీబోర్డు ముందు కూర్చుని నాటకాలు నడిపాడట. ఊళ్ళోవాళ్ళు రాసిన నాటకాలకు వరుసలు కట్టాడట. గాయకుల గొంతు అందుకోలేని చోట పేరున్న సంగీతకారుల పాటలు తగ్గించి రాశాడట. చెప్పుకోదగ్గ ప్రతిభ లేదని కూడా మొహమాటం లేకుండా రాశారు. అయినా పేరుంది. ఇంటిపేరుతో సహా ఉంది, పెళ్ళాం పేరు కూడా ఉంది. పక్కన "కంపోజర్ అండ్ కండక్టర్" అని ఉంది.

ఆ కార్డు మూడుసార్లు తప్పు టైపు చేశాను. మా నాన్న చేసింది అచ్చంగా ఆ పనే. అంతకంటే బాగా చేశాడు. ప్రతిభ లేదని తేల్చినాయనకు అరపేజీ ఇచ్చిన లోకం మా నాన్నకు సొంత పేరు ఇవ్వడానికి ఏడ్చింది. సాయంత్రం ఇంటికెళ్ళి ఈ సంగతి చెప్పి చిందులు తొక్కాను. నాన్న అంతా విని, "పాపం, ఆయనక్కూడా లోపల కిరీటాలు దొరక్క ఎంత రాగం తీశాడో" అని జాలిపడ్డాడు.

ఆ మరుసటి ఏడు మా తెలుగువాళ్ళ సంఘానికి పద్యనాటకం వెయ్యాలని బుద్ధి పుట్టింది. సంఘం పేరు చెప్పను, ఇప్పుడు లేదు కూడా. దాని సెక్రటరీ ఒక ఇంజనీరు. మాకంటే పదేళ్ళు ముందు వచ్చినాయన. రాజు వేషం ఆయనే వేస్తున్నాడు. ఒక శనివారం మా ఫ్లాటుకొచ్చి సోఫాలో కూర్చుని, "అంకుల్, మీరుంటేనే డ్రామా ఉంటుంది. మాకు ట్యూన్స్ తెలీవు, పిచ్ తెలీదు. మీకేం కావాలన్నా అరేంజ్ చేస్తాం, జస్ట్ చెప్పండి" అన్నాడు.

నాన్న కాసేపు చేతులు చూసుకున్నాడు. "నాకేం వద్దు బాబూ. కరపత్రం మీద నా పేరు వెయ్యండి. పూర్తి పేరు" అన్నాడు.

"అయ్యో, దానిదేముంది అంకుల్! డెఫినెట్‌గా" అని సెక్రటరీ నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆయన వెళ్ళాక నేను నాన్నను నిలదీశాను. "నలభై ఏళ్ళూ నోరు తెరవనివాడివి, ఇప్పుడెట్లా అడిగావు?"

"అక్కడంటే వాళ్ళకేదో ఇబ్బంది. ఇక్కడెవరికి ఇబ్బంది? ఇక్కడ అందరియ్యీ అయ్యే బైబిలు పేర్లు గదమ్మా" అన్నాడు నాన్న. "మనకి ఉత్తరాలేసే ఆయనదీ నా పేరే. మొన్న గేటు కాడ చెప్పుకున్నాం. చేతిలో చెయ్యేసి ఒకటే నవ్వు."

డెబ్బై దాటిన మనిషి పేరు గురించి అలా మాట్లాడుతున్నాడు. సరే, ఈ ఒక్కటీ జరగాలి అనుకున్నాను.

శనివారాలు పారమట్టాలో ఒక డాక్టరుగారి గరాజులో రిహార్సల్సు. మూతపడిన ఒక చర్చి సామాను అమ్మేస్తుంటే తొక్కుడు ఆర్గన్ ఒకటి దొరికింది. నాన్న దాని దుమ్ము తన కండువాతోనే తుడుచుకున్నాడు. సెక్రటరీ గొంతు సంగతి చెప్పాలంటే, అది మెట్లెక్కమంటే మొదటి మెట్టు మీదే కూర్చునే రకం. నాన్న ఆయన కోసం పద్యాలన్నిటికీ శ్రుతి దించాడు. పైకి వెళ్ళాల్సిన చోటల్లా వరుస విరిచి, కిందే మెలిక తిప్పి, పైకెళ్ళినట్టు అనిపించేలా కట్టాడు. వారం వారం ఇంట్లో బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ కొత్త మెలికలు వెతుక్కునేవాడు. "ఆ అబ్బాయి కష్టపడుతున్నాడమ్మా" అనేవాడు. కష్టమంతా ఎవరు పడుతున్నారో చూస్తూనే ఉన్నాను.

హాలు ఇప్పించింది వలస వచ్చినవాళ్ళ కళలకు సాయం చేసే ఒక చిన్న ఆఫీసు. వాళ్ళే ఇంగ్లీషు కరపత్రం అచ్చు వేస్తామన్నారు. వివరాలు రాసిచ్చే పని నాకు పడింది. అక్కడే నేను బుద్ధితక్కువ పని చేశాను. ఊహ తెలిసినప్పటినుంచి చూసిన కరపత్రాల అలవాటు కొద్దీ, అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో "హార్మనీ" అని రాసి, పక్కన నాన్న పూర్తి పేరు రాశాను. ఇంగ్లీషువాళ్ళకు హార్మనీ అంటే సామరస్యమనీ, అది హార్మోనియం వాయించే మనిషి కాదనీ నాకు తట్టనే లేదు. అచ్చయి వచ్చిన కాగితం అడుగున "అందరం సామరస్యంతో" అని ఉంది, పక్కన కలుపుకున్న రెండు చేతుల బొమ్మ. నాన్న పేరు లేదు. ఆ పేరులో ముందు సగం చూసి, ఎవరో ఇక్కడి పెద్దమనిషి మాకు పంపిన శుభాకాంక్ష అనుకున్నారట. తెలుగు నాటకంలో ఆయనకేం పని అని పేరు తీసేశారు.

లైబ్రరీలో సెలవు కూడా చెప్పకుండా ఆ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ ఉన్నావిడ మీద నా ఇంగ్లీషంతా కుమ్మరించాను. సగం తెలుగే వచ్చింది. ఆవిడ కుర్చీ చూపించి, "అసలు ఆయన ఏం చేస్తారో చెప్పు" అంది. చెప్పాను. వరుసలు కట్టడం, శ్రుతి చూడటం, అందర్నీ కళ్ళతో నడపటం, అంతా. "అంటే కంపోజరూ కండక్టరూ ఆయనేనన్నమాట. ఓ, సారీ లవ్. దిస్ ఆర్వోనే, ఈ మధ్యాహ్నమే సరిచేద్దాం" అంది. ఆ మధ్యాహ్నమంతా ఆవిడా నేనూ పక్కపక్కన కూర్చుని, నాన్న పూర్తి పేరూ, దాని కింద ఆ రెండు మాటలూ టైపు చేసిన చీటీలు జిగురు పెట్టి ప్రతి కరపత్రానికీ అతికించాం. నా వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

ఇంటికి తెచ్చి ఇచ్చాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అచ్చులో ఇట్టా ఉంటదా నా పేరు" అన్నాడు. కళ్ళజోడు తీసి, "ఇది ఇంగ్లీషు గదా. మనవాళ్ళ కరపత్రం కూడా రానీ" అన్నాడు.

మనవాళ్ళది వచ్చింది. ఆ రోజుల్లో అక్కడ తెలుగు అచ్చు ఎక్కడ? సెక్రటరీ తన చేత్తో రాసి ఫొటోకాపీలు తీయించాడు. ముత్యాల్లాంటి దస్తూరి. నటుల పేర్లు డిగ్రీలతో సహా ఉన్నాయి. చీరలు అరువిచ్చిన ఆవిడ పేరుంది, సమోసాలు చేయించినాయన పేరు ఇంటిపేరుతో ఉంది. అడుగున "హార్మనీ: మాస్టారు" అని ఉంది.

అక్కడ ఇంగ్లీషువాళ్ళెవరూ లేరు. పొరపాటు పడటానికి ఏమీ లేదు. తెలుగు రాయడం వచ్చిన తెలుగువాడు తెలిసి రాసిన తెలుగు మాట అది.

చివరి రిహార్సలుకు నేనూ వెళ్ళాను. నాన్న లోపల తబలా అతనికి నడక చెబుతున్నాడు. గరాజు బయట సెక్రటరీని ఆపాను.

"మా నాన్న పేరేదండీ?"

"ఉంది కదండీ, మాస్టారు అని."

"అది పేరు కాదు. పూర్తి పేరు వేస్తామని మా ఇంట్లో కూర్చుని మాటిచ్చారు."

"పెద్దాయన్ని పేరు పెట్టి రాస్తే ఏం బాగుంటుంది చెప్పండి? మాస్టారు అంటే ఎంత రెస్పెక్ట్! ప్లీజ్, డోంట్ టేక్ ఇట్ అదర్‌వైజ్."

"మీ ప్రెసిడెంటుగారికి డెబ్బై అయిదు. ఆయన పేరు అంత పెద్ద అక్షరాల్లో వేశారే. ఆయనకు మర్యాద అక్కర్లేదా?"

ఆయన రోడ్డు వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "అది కాదండీ. మైథలాజికల్ కదా. కొంతమంది ఎలా ఫీలవుతారో అని. మీకు తెలియనిదేముంది?" అన్నాడు.

మీకు తెలియనిదేముంది! అన్నిటికంటే ఆ మాటకే నా ఒళ్ళు మండింది. నాకు తెలియనిదేమీ లేదు. అదే నా ఏడుపు. కాలేజీలో చేరేటప్పుడు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర నేనేం రాశానో తెలుసు. "టీచర్" అని రాశాను. మాస్టారు అన్న మాటకు ఆ అర్థం కూడా ఉంది కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నాటకాల్లో హార్మనీ అంటే పక్క బెంచీ అమ్మాయిలు ఏమనుకుంటారో అని నాకు భయం. కాంట్రాక్టరు చేసిన పనే నేను పద్దెనిమిదో ఏట చేశాను. అందుకే ఆ గరాజు ముందు ఆయన్ని తిట్టాల్సినంత తిట్టలేకపోయాను.  నా మీద నాకు వచ్చిన ఆ కోపం కూడా ఆయన మీదికే పోయింది.

నాన్న తెలుగు కరపత్రం చదివి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "వెళ్ళొద్దు నాన్నా. రాజుగారు శ్రుతి లేకుండా ఏం పాడతాడో చూద్దాం" అన్నాను. "నువ్వేం మాట్లాడమాకు. ఆదివారం రానీ" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి నాటకం. హాలు సాయంత్రం దాకే ఇచ్చారు. పట్టపగలు పౌరాణికం ఏమిటని నాన్న పొద్దున్నుంచీ నవ్వుకుంటూనే ఉన్నాడు. ఇస్త్రీ పంచె కట్టుకుని ఆర్గన్ ముందు కూర్చున్నాడు. హాలు నిండింది. నేను మూడో వరసలో ఉన్నాను. ప్రార్థనకు ముందు సెక్రటరీ కిరీటంతో, మీసంతో తెర ముందుకొచ్చి మైకులో అందర్నీ పరిచయం చేశాడు. ప్రతి పేరుకూ చప్పట్లు. చివర్న, "ఇక హార్మనీపై మన మాస్టారుగారు" అన్నాడు. దానికీ చప్పట్లు పడ్డాయి. నాన్న వైపు తిరిగి, "మాస్టారూ, శ్రుతి" అన్నాడు.

నాన్న తొక్కుళ్ళ మీదినుంచి పాదాలు తీసి నేల మీద పెట్టాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా పేరు చెప్పండి బాబూ. శ్రుతి ఇస్తాను."

మెల్లగానే అన్నాడు. మైకు దగ్గరగా ఉండటంతో హాలంతా వినిపించింది. సెక్రటరీ నవ్వాడు. వంగి ఏదో గుసగుసలాడాడు. నాన్న కదల్లేదు. ఆయన కళ్ళల్లో కోపం లేదు. ఆలస్యంగా వచ్చే నటుడి కోసం ఎదురుచూసినట్టు ఊరికే చూస్తున్నాడు. తెర వెనక వేషాలవాళ్ళు తలలు బయటపెట్టారు. వెనక వరసలో ఎవరో దగ్గారు. సెక్రటరీ మైకు పట్టుకుని, ముందు సగం మింగేసి, వెనక సగం మాత్రం చెప్పి, "గారు" అని తగిలించాడు.

"మొత్తం" అన్నాడు నాన్న.

అప్పుడు చెప్పాడు. మొత్తం చెప్పాడు. గట్టిగా రెండు క్షణాలు కూడా పట్టలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు. ఎవరి ముఖమూ మారలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ చేతిసంచీలో కళ్ళజోడు వెతుక్కుంటూనే ఉంది. నాన్న పాదాలు ఎత్తి తొక్కుళ్ళ మీద పెట్టాడు. శ్రుతి హాలంతా పరుచుకుంది. నాకు సంతోషం రావాలి. రాలేదు. ఇంత చిన్న పనికి ఇన్నేళ్ళా?

సెక్రటరీ బెదిరిపోయి ఉన్నాడేమో, మూడో పద్యం ఎత్తుగడ మరిచిపోయాడు. నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. నాన్న మెట్ల మీద మొదటి ముక్క పలికించాడు. ఆయనకు అందలేదు. రాగం ఒక చుట్టు తిప్పి మళ్ళీ పలికించాడు. అందుకున్నాడు. మెలిక దగ్గర వన్స్‌మోర్ కూడా వచ్చింది. నేనైతే ఆ ముక్క ఇచ్చేదాన్ని కాదు. చెమటలు కక్కుతూ నిలబడనిచ్చేదాన్ని. ఈ విషయంలో ఇప్పటికీ నా మనసు మారలేదు.

నాటకం అయ్యాక కారు దగ్గరికి వెళుతుంటే సెక్రటరీ పరుగున వచ్చాడు. రంగు సగం తుడుచుకున్నాడు, మీసం ఇంకా ఉంది. కృతజ్ఞత చెప్పడానికి వస్తున్నాడనుకున్నాను. వచ్చి, నాన్నను పూర్తి పేరు పెట్టి పిలిచాడు. అంకుల్ లేదు, మాస్టారు లేదు. "మీరు చేసింది ఏం బాగాలేదు. అంతమంది ముందు నన్ను ఇన్సల్ట్ చేశారు. మీ వయసుకు తగిన పనేనా అది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే నాన్న చేతులు జోడించాడు. "తప్పయింది బాబూ" అన్నాడు.

కారు తలుపు ఎంత గట్టిగా వేశానో అద్దం అదిరింది. "నువ్వెందుకు చెప్పావు తప్పయిందని? వాడు చెప్పాలి! వాడి తాతలు చెప్పాలి! వాడి పద్యం నిలబెట్టి, వాడికి దండం పెడతావా? నీకు రోషం లేదా నాన్నా?" అని అరిచాను. పక్క కారులో వాళ్ళు తిరిగి చూశారు.

నాన్న సీటు బెల్టు కొక్కెం కోసం తడుముకుంటున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"కోప్పడితే కోప్పడ్డాడులే. పేరు పెట్టి కోప్పడ్డాడమ్మా, విన్నావా?" అన్నాడు.

నేను తాళం తిప్పకుండా స్టీరింగు పట్టుకుని ఏడ్చాను. ఒకడు పెట్టిన చీవాట్లకు మా నాన్న అంత మురిసిపోవలసి వచ్చింది. అందుకు నేనెవర్నీ క్షమించలేదు, నాన్నను కూడా.